ప్యాసింజర్ బండి: మీ ప్రశ్నలు, ఒక గార్డు జవాబులు

విజయవాడ డివిజన్‌లో గూడ్సు గార్డుగా చేరి, ఆ తర్వాత చాలాకాలం ప్యాసింజర్ బళ్లలో పనిచేసి రిటైరయ్యాను. ఎక్స్‌ప్రెస్‌ల గురించి చెప్పేవాళ్లు బోలెడు మంది ఉన్నారు. ప్రతి ఊళ్లోనూ ఆగే బండి గురించి అడిగితే చెప్పేవాళ్లు మాత్రం తక్కువ. అందుకే సంపాదకులు అడగగానే ఒప్పుకున్నాను. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి జవాబులివి.

గార్డు గారూ, నేను తాడేపల్లిగూడెం నుంచి ఏలూరుకు రోజూ ప్యాసింజర్‌లో వెళ్లే టీచర్ని. మా బండిని పూళ్లలోనో భీమడోలులోనో పక్కన పెట్టేసి ఎక్స్‌ప్రెస్‌లను వదులుతారు. పోనీ అది వెళ్లిపోయాకైనా వెంటనే కదులుతుందా అంటే అదీ లేదు. హాజరు పట్టీ గుర్తొచ్చి ఒకటే టెన్షన్. ఎందుకిలా చేస్తారు?
*ఒక ఉపాధ్యాయిని, తాడేపల్లిగూడెం*

అమ్మా, మీ బాధ నాకు తెలుసు. బండి ఆగగానే జనం దిగి, గార్డుగా నేనుండే బ్రేక్ వాను బోగీ దగ్గరకే వచ్చేవారు, ఇదే ప్రశ్నతో.

ముందు ఏం జరుగుతుందో చెబుతాను. విజయవాడ నుంచి విశాఖ వైపు వెళ్లడానికి ఒక లైను, రావడానికి ఒక లైను. అంటే మీ బండి, దాని వెనక వచ్చే ఎక్స్‌ప్రెస్, ఆ వెనక బొగ్గు గూడ్సు, అన్నీ ఒకే పట్టాల మీద వరసగా రావాలి. వేగంగా వచ్చేదాన్ని ముందుకు పంపాలంటే నెమ్మదిగా వెళ్లేదాన్ని స్టేషన్లో పక్క లైనులోకి, అంటే లూపులోకి, తియ్యాలి. వేరే దారి లేదు. లూపులోకి తిరిగే చోట బండి గంటకు 30 కిలోమీటర్ల లోపే వెళ్లాలి, కొన్ని స్టేషన్లలో 15కే దిగాలి. మీరెప్పుడైనా కిటికీలోంచి ముందుకు చూసే వీలుంటే గమనించండి. స్టేషన్ రాబోతుండగా సిగ్నల్లో పసుపు దీపం, దాని నెత్తిన ఏటవాలుగా వరసగా ఐదు తెల్లదీపాలు వెలిగాయంటే మీ బండి లూపులోకి పోతోందన్నమాట. అక్కడే మాకు అర్థమైపోయేది, ఇక కాసేపు ఆగక తప్పదని.

వెనక ఎక్స్‌ప్రెస్ ఎక్కడో ఉండగానే మిమ్మల్ని ఎందుకు ఆపేస్తారంటే, దానికి వరసగా పచ్చ సిగ్నళ్లు పడాలి. మీ బండి చివరి బోగీ దాకా పూర్తిగా లూపులోకి వచ్చి, మెయిన్ లైను ఖాళీ అయి, బండిని లూపులోకి మళ్లించే పాయింట్లు మళ్లీ తిన్నగా పడితే తప్ప ఆ పచ్చ రాదు. ఇక మీ రెండో అనుమానం. ఎక్స్‌ప్రెస్ దూసుకుపోయినా మీ బండి ఎందుకు కదలదు? ఆటోమేటిక్ సిగ్నళ్లు లేని చోట రెండు స్టేషన్ల మధ్య ఒకే వైపు పట్టాల మీద ఒక సమయంలో ఒక్క బండే ఉండాలి. భీమడోలులో మీకు పచ్చ పడాలంటే, మిమ్మల్ని దాటిన బండి ముందు స్టేషన్‌కు చేరిందని అక్కడి మాస్టరు చెప్పాలి. వేగమైన బండికి ఆ దూరం నాలుగైదు నిమిషాల పని. ఈలోగా వెనక ఇంకోటి దగ్గరపడితే కంట్రోలర్ దాన్ని కూడా వదిలేద్దామంటాడు. మీ పావుగంట అరగంట అయ్యేది అలాగే.

నిర్ణయం విజయవాడ కంట్రోల్ ఆఫీసులో కూర్చున్న కంట్రోలర్‌ది. స్టేషన్ మాస్టరు దాన్ని అమలు చేస్తాడంతే. కాబట్టి ఆయన మీద కేకలు వేస్తే ప్రయోజనం లేదు. మర్యాదగా వెళ్లి "ఎన్ని బళ్లు దాటాలండీ?" అని అడగండి, చాలామంది చెబుతారు. ఒకటే అంటే కూర్చోండి. మూడంటే హెడ్మాస్టరు గారికి ఫోన్ చేసుకునే వ్యవధి ఉంటుంది.

ఇంకొక మాట, దీన్ని మాత్రం చేతులెత్తి దణ్ణం పెట్టి చెబుతున్నాను. బండి ఆగింది కదా అని అవతలి వైపు తలుపులోంచి పట్టాల మీదకు దిగొద్దు. మిమ్మల్ని ఆపిందే ఆ పక్క లైను మీద గంటకు వంద కిలోమీటర్లు దాటిన వేగంతో బండి రాబోతోందని. ఇప్పటి కరెంటు ఇంజన్లకు పాత రోజుల్లోలాగా దూరం నుంచి చప్పుడు వినపడదు. ఫోన్లో మాట్లాడుతూ పట్టాల మీద నిలబడ్డ కుర్రాళ్లను చూసి, గొంతు పోయేలా అరిచిన సందర్భాలు నాకున్నాయి. మీరు టీచరు కాబట్టి మీ పిల్లలకు ఈ సంగతి తప్పకుండా చెప్పండి.

ప్యాసింజర్ టికెట్ తీసుకున్నాను. అది లేటని తెలిసి ముందొచ్చిన ఎక్స్‌ప్రెస్ జనరల్ బోగీ ఎక్కాను. టీసీ పట్టుకుని ఫైన్ వేశారు. టికెట్ ఉండి కూడా ఫైన్ ఏమిటండీ?
*ఒక డిగ్రీ విద్యార్థి, తెనాలి*

బాబూ, నీ దగ్గరున్న టికెట్ ఆర్డినరీది, అంటే ప్యాసింజర్ బండి చార్జీది. సెకండ్ క్లాసు ఆర్డినరీలో కనీస చార్జీ పది రూపాయలు, మెయిల్ ఎక్స్‌ప్రెస్‌లో 30. సూపర్‌ఫాస్ట్ అయితే ఆ పైన ఇంకో 15. తక్కువ టికెట్‌తో ఎక్కువ తరగతి బండి ఎక్కితే తేడా డబ్బుతో పాటు అదనపు చార్జీ కూడా కట్టాలి. ఆ అదనం 250 రూపాయలకు తగ్గదు. 1989 నాటి రైల్వే చట్టంలో 138వ సెక్షన్ ఇదే చెబుతుంది.

అయితే అదే సెక్షన్‌లో మనకు పనికొచ్చే సంగతి ఒకటుంది. బండి ఎక్కే ముందే రైల్వే సిబ్బందికి, అంటే గార్డుకో టీటీఈకో, విషయం చెప్పి అనుమతి చీటీ తీసుకుంటే ఆ 250 వెయ్యకూడదు. మామూలు చార్జీ తేడా కడితే సరిపోతుంది. బండి వచ్చేసింది, కౌంటర్ దగ్గర క్యూ ఉంది, ఏం చెయ్యాలి అనుకునేవాళ్లకు దారి ఇదే. అడిగినవాళ్లకు నేను రాసిచ్చాను. అడక్కుండా ఎక్కి, పట్టుబడ్డాక చెబితే ఆ సెక్షన్ నిన్ను కాపాడదు.

ఫోన్లో తీసుకునేవాళ్లూ ఇక్కడే పొరపాటు పడుతున్నారు. 2025 జులైలో వచ్చిన రైల్‌వన్ యాప్‌లో కూడా జనరల్ టికెట్ తీసుకోవచ్చు. అందులో ఆర్డినరీ, మెయిల్ ఎక్స్‌ప్రెస్, సూపర్‌ఫాస్ట్ అని ఎంచుకోమంటుంది. ఏ బండి ఎక్కుతావో తేల్చుకున్నాకే ఆ మీట నొక్కు. ఇంకోటి, 200 కిలోమీటర్ల లోపు జనరల్ టికెట్ తీసుకున్నాక మూడు గంటల్లోపు గానీ, నువ్వు వెళ్లే ఊరికి ఆ తర్వాత వచ్చే మొదటి బండికి గానీ బయల్దేరాలి. పొద్దున కొన్నది సాయంత్రానికి చెల్లుతుందని అనుకోవద్దు.

కరోనా తర్వాత మా ఊరి నుంచి పది రూపాయల టికెట్ 30 అయింది. మళ్లీ తగ్గిందంటున్నారు, నిజమేనా? బండి నంబర్లు కూడా మారిపోయి ఏది ఏదో తెలియడం లేదు.
*ఒక పాల వ్యాపారి, నిడదవోలు దగ్గర పల్లె*

నిజమే. కరోనా తర్వాత ప్యాసింజర్లను స్పెషల్ ఎక్స్‌ప్రెస్‌లని పేరు పెట్టి నడిపినన్నాళ్లూ ఎక్స్‌ప్రెస్ చార్జీయే తీసుకున్నారు. 2024 ఫిబ్రవరి నుంచి పాత ఆర్డినరీ చార్జీలు తిరిగి వచ్చాయి. కూలికి పోయేవాళ్లు, కూరగాయలు తెచ్చుకునేవాళ్లు, మీలాంటి చిన్న వ్యాపారులు ఆ నాలుగేళ్లు ఎంత నలిగిపోయారో నేను కళ్లారా చూశాను. ఊరికి పోయి రావడానికే 60 రూపాయలైతే ఇక మిగిలేది ఏముంది?

నంబర్ల సంగతి. 2025 జనవరి 1 నుంచి ముందున్న సున్నా తీసేశారు. 5తో మొదలైతే ఇంజన్ లాగే మామూలు ప్యాసింజర్. 6 అయితే మెము, అంటే ఇంజన్ విడిగా లేకుండా బోగీలోనే కరెంటు మోటార్లున్న బండి. 7 అయితే డెము, డీజిల్‌ది. 1తో గానీ 2తో గానీ మొదలైతే అది ఎక్స్‌ప్రెస్ తరగతి, మీ పది రూపాయల టికెట్ చెల్లదు. మీ పల్లెలో ఆగినా సరే చెల్లదు.

ఏలూరు నుంచి విజయవాడకు రోజూ ఉద్యోగానికి వెళ్తున్నాను. నెలవారీ పాస్ తీసుకోమంటారా?
*ఒక బట్టల షాపు ఉద్యోగి, ఏలూరు*

తప్పకుండా తీసుకోండి. 150 కిలోమీటర్ల దూరం వరకు ఇస్తారు. మూడు నెలలది ఇంకా చవక, నెల పాస్ ధరకు 2.7 రెట్లు మాత్రమే. గడువుకు పది రోజుల ముందు నుంచే రెన్యూ చేసుకోవచ్చు కాబట్టి ఒకటో తారీఖు పొద్దున్నే క్యూలో నిలబడకండి. పాస్ ఉన్నా రిజర్వేషన్ బోగీ ఎక్కకూడదు. సూపర్‌ఫాస్ట్ ఎక్కాలంటే దానికి వేరే సర్‌చార్జి కట్టాలి.

వెళ్లేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి. విజయవాడ బయట, గుణదల దాటాక, బండి ఆగుతుంది. నాలుగు వైపుల నుంచి వచ్చే బళ్లన్నీ ఆ ప్లాట్‌ఫారాల కోసమే ఎదురుచూస్తాయి. టైమ్‌టేబుల్ వేసేవాళ్లకూ అది తెలుసు కాబట్టి చివరి స్టేషన్‌కు ముందు కొంత సమయం కలిపి వేస్తారు. దారిలో లేటైన బండి విజయవాడకు టైముకే రావడం మీరు చూసే ఉంటారు, కారణం అదే. డ్యూటీ టైముకు సరిగ్గా చేరే బండి కాకుండా దానికి ముందు బండి పట్టుకోండి.

సీటులో కర్చీఫ్ వేస్తే ఆ సీటు వాళ్లదైపోతుందా? మొన్న కిటికీలోంచి తువ్వాలు పడేసి, బండెక్కి కూర్చున్న నన్ను లెమ్మన్నారు.
*ఒక గృహిణి, గుడివాడ*

కాదమ్మా. జనరల్ బోగీలో సీటు కూర్చున్నవాళ్లదే. తువ్వాలుకు ఏ హక్కూ లేదు. ఏ రూలు పుస్తకంలోనూ అది లేదు.

అయినా ఒక్క చోట నేను తువ్వాలు పక్షమే. చంకలో బిడ్డతో, చేతిలో సంచితో నిలబడ్డ తల్లి కోసం ముందు ఎక్కిన భర్త తువ్వాలు వేసి సీటు పట్టాడనుకోండి, దాన్ని తప్పు పట్టను. ఆ తోపులాటలో ఎక్కడం ఆమె వల్ల కాదు. కానీ నలుగురు కుర్రాళ్లు పేకాటకని ఎదురెదురు సీట్లు తువ్వాళ్లతో కప్పేస్తే అది దౌర్జన్యం. అలాంటప్పుడు తగువు పెట్టుకోవద్దు, 139కి ఫోన్ చేసి బండి నంబరు, బోగీ నంబరు చెప్పండి. ముగ్గురి సీటులో నాలుగో మనిషికి జరిగి చోటివ్వడం మన ప్యాసింజర్ బళ్లలో ఎప్పటి నుంచో ఉన్న మర్యాద. దాన్ని రూలుగా ఎవరూ రాయలేదు, ఇప్పటికీ నడుస్తోంది. ఆడవాళ్ల బోగీ ఉన్న బండి అయితే మీరు నేరుగా అందులోకే వెళ్లండి.

కడియం నర్సరీల నుంచి మొక్కలు కొని ప్యాసింజర్‌లో తునికి తెచ్చుకోవచ్చా?
*ఒక పాఠకుడు, తుని*

నిక్షేపంగా. సెకండ్ క్లాసులో మనిషికి 35 కిలోల వరకు సామాను ఉచితం. అంతకు మించితే లగేజీ బుక్ చేసుకోవాలి. కుండీల్లో ఉన్నవి వద్దు, బరువంతా మట్టిదే. వేళ్ల దగ్గర మట్టిముద్ద మీద తడి గోనెపట్టా చుట్టి, కొమ్మలను పైకి చేర్చి పురికొసతో వదులుగా కట్టమని నర్సరీలో అడగండి, క్షణంలో కట్టిస్తారు. తలుపు దగ్గర మాత్రం పెట్టొద్దు. ద్వారపూడిలో దిగేవాళ్లు, అనపర్తిలో ఎక్కేవాళ్లు వాటిని తొక్కేస్తారు. సీటు కింద, కిటికీ వైపు గోడకు ఆనించి పెట్టండి.

మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. రాజమండ్రి నుంచి అన్నవరానికి ప్యాసింజర్‌లోనే వెళ్దామంటోంది, చిన్నప్పుడు అలాగే వెళ్లేదట. తీసుకెళ్లనా?
*ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం*

తీసుకెళ్లండమ్మా. పొద్దుటి ఆఫీసు రద్దీ బండి మాత్రం వద్దు. రాజమండ్రిలోనే బయల్దేరే బండి ఉంటే చూసుకోండి, ఖాళీ బోగీలో నెమ్మదిగా ఎక్కించవచ్చు. ముందురోజే ఏ ప్లాట్‌ఫారం మీదకు వస్తుందో, అక్కడికి లిఫ్టు ఉందో లేదో కనుక్కోండి. మెముల్లో కొన్ని బోగీలకు మరుగుదొడ్డి ఉండదు, ఎక్కేముందే చూసి ఉన్న బోగీ ఎక్కించండి. దిగేటప్పుడు బండి పూర్తిగా ఆగేదాకా ఆమెను సీటులోంచి లేపొద్దు. "నిమిషమే ఆగుతుంది, రండి రండి" అని పక్కవాళ్లు కంగారుపెడతారు. పెద్దావిడ దిగుతోందని గార్డు వైపు చెయ్యి ఊపితే చాలు. దిగడం చూస్తూ కూడా బండి వదిలే గార్డును నేనైతే ఎరగను.

తాతగారూ, నేను ఆరో తరగతి. కొవ్వూరు నుంచి రాజమండ్రికి వెళ్తుంటే మన బండి ఏ వంతెన మీద వెళ్తోందో లోపలి నుంచి ఎలా తెలుస్తుంది?
*ఒక చిన్నారి, కొవ్వూరు*

ఎంత మంచి ప్రశ్న వేశావు తల్లీ! కిటికీ పక్కన ఇనుప దూలాలు అడ్డదిడ్డంగా ఒకదాని తర్వాత ఒకటి చకచకా వెనక్కి పోతూ, తల మీద కప్పులా ఉంటే అది రోడ్డు కమ్ రైలు వంతెన. 1974లో తెరిచారు. నీ నెత్తి మీద రోడ్డు వాహనాలు పోతుంటాయి. అలా కాకుండా కాంక్రీటు విల్లులు పైకి లేచి, మళ్లీ కిందికి దిగి, నడుమ ఆకాశం కనిపిస్తూ ఉంటే అది ఆర్చి వంతెన. విల్లులు మొత్తం 28, ఈసారి లెక్కపెట్టు. పక్కన రైళ్లు లేకుండా కనిపించేది హేవలాక్ వంతెన. 1900లో మొదలై 1997 దాకా బళ్లను మోసింది, తర్వాత విశ్రాంతి ఇచ్చారు. వంతెన దాటగానే వచ్చే స్టేషన్ పేరు గోదావరి, రాజమండ్రి దాని తర్వాత. కంగారుపడి ముందే దిగేయకు.

ఒక్కటి చెబుతాను, ఇంట్లో పెద్దవాళ్లకు నువ్వే చెప్పాలి. నదిలో చిల్లర వేస్తే వెయ్యనీ. పూజ పూలను ప్లాస్టిక్ కవరుతో సహా విసరనివ్వకు. ఆ కవర్లు నీటిలో కరగవు.

మా ఊరి హాల్టులో రెండు ప్యాసింజర్లు ఆగేవి. కరోనా తర్వాత ఒక్కటీ ఆగడం లేదు. ఎమ్మెల్యే దగ్గరకు వెళ్లాం, ధర్నా చేద్దామంటున్నారు కుర్రాళ్లు. మీరేమంటారు?
*గ్రామస్తులు, పశ్చిమ గోదావరి జిల్లా*

ఈ నెల వచ్చిన వాటిలో నన్ను నిద్రపోనివ్వని ఉత్తరం ఇది. హాల్టంటే సిగ్నల్ ఉండదు, స్టేషన్ మాస్టరు ఉండడు. కమిషన్ మీద టికెట్లమ్మే ఏజెంటు, వేపచెట్టు, బల్ల. అక్కడ బండి కదలాలంటే గార్డు పచ్చజెండా ఊపాలి. జెండా ఎత్తబోతూ చేల వైపు చూసేవాణ్ణి. గట్టు మీద ఎవరో ఒకరు పరుగెత్తుకొస్తూ కనిపించేవారు, చీర కుచ్చెళ్లు ఒక చేత్తో పట్టుకుని, నెత్తిన తోటకూర గంప. ఆమె ఎక్కాకే జెండా లేపేవాణ్ణి. బండి ఆగకపోతే ఆ గంప ఏ బజారుకు వెళ్తుంది? ఆటోకు ఇచ్చాక ఆమెకు మిగిలేదెంత?

ధర్నా వద్దనను, కానీ అది మొదటి పని కాదు. ఒక స్టేషన్లో బండి ఆపాలా వద్దా అని చూసేటప్పుడు రైల్వే ముందు అడిగేది అక్కడ ఎన్ని టికెట్లు అమ్ముడయ్యాయని. మన ఊళ్లలో బలహీనత అక్కడే ఉంది. హాల్టులో ఎక్కేవాళ్లలో కొందరు టికెట్ కొనరు. కొందరు ఫోన్లో పక్క జంక్షన్ పేరుతో తీసుకుంటారు, పాస్ కూడా జంక్షన్ నుంచే రాయించుకుంటారు. రోజూ ఎంతమంది ఎక్కినా లెక్కలో మీ ఊరు సున్నాగా కనిపిస్తుంది. బండి ఆగే రోజుల నాటి పాత టికెట్లు, పాస్‌లు ఎవరి దగ్గరున్నా పోగుచెయ్యండి. ఏజెంటు దగ్గర పాత అమ్మకాల లెక్క ఉంటే నకలు తీసుకోండి, లేకపోతే సమాచార హక్కు కింద డివిజన్ ఆఫీసును అడగండి.

తర్వాత అర్జీ. "మా ఊళ్లో బండి ఆపండి" అని ఒక్క వాక్యం రాస్తే చాలదు. బండి నంబరు, 2020కి ముందు ఏ టైముకు ఆగేదో, కాలేజీకి వెళ్లే పిల్లలు ఎందరో, ఆసుపత్రికి వెళ్లేవాళ్లు ఎందరో, దగ్గరి స్టేషన్ ఎన్ని కిలోమీటర్లో రాయండి. రెండు బళ్లనూ రానూ పోనూ ఆపమనకుండా, పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగి రావడానికి కుదిరే ఒక జతను అడగండి. ప్రయోగాత్మకంగా ఆరు నెలలు ఆపి చూడమని కోరండి, అలా ఒప్పుకోవడం వాళ్లకూ సులువు. ఒకటి విజయవాడ డివిజనల్ రైల్వే మేనేజరు (డీఆర్‌ఎం)కు, ఒక నకలు మీ ఎంపీకి ఇవ్వండి. రైలు కేంద్రం చేతిలో ఉంది కాబట్టి ఎమ్మెల్యే కంటే ఎంపీ మాటే అక్కడ పనిచేస్తుంది. మూడోది డివిజన్ ప్రయాణికుల సంప్రదింపుల కమిటీలో ఉన్న సభ్యుడికి. ఆ కమిటీ సమావేశంలో మీ హాల్టు పేరు వస్తే దానికి రాతపూర్వకంగా జవాబు చెప్పాల్సి ఉంటుంది.

బండి మళ్లీ ఆగిన రోజు నుంచి ఊళ్లో ప్రతి ఒక్కరూ మీ హాల్టు పేరుతోనే టికెట్ కొనాలి, పాస్ అక్కడి నుంచే రాయించుకోవాలి. అర్జీ నకలు నాకూ పంపండి, బండి నంబర్లు, టైములు సరిచూసి తిప్పి పంపుతాను.